పాస్‌వర్డు మళ్లీ మళ్లీ అడుగుతోందా? ముందు గడియారం చూడండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే గోల. ఆఫీసులో లినక్స్ డెస్క్‌టాప్‌లు పెట్టుకున్నారు. ఫైళ్లన్నీ సర్వరు మీది షేర్డ్ ఫోల్డర్లలో ఉన్నాయి. పొద్దున ఒక్కసారి లాగిన్ అయితే చాలు, సాయంత్రం దాకా ఎక్కడా పాస్‌వర్డు అడగదని సెటప్ చేసినవాళ్లు చెప్పి వెళ్లారు. అదేమో అడుగుతూనే ఉంది. దీని పేరు సింగిల్ సైన్ ఆన్. అడగనప్పుడు. అందుకని ప్రింటర్ల ఉత్తరాలు, వైఫై ఉత్తరాలు వచ్చే నెలకి పక్కన పెట్టి, ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మాది చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. ఆఫీసులో పన్నెండు కంప్యూటర్లు, అన్నీ ఉబుంటు లినక్స్. ఫైళ్లు విండోస్ సర్వర్లో ఉంటాయి. ఎనిమిదింటితో ఏ బాధా లేదు. నాలుగింటిలో మాత్రం లాగిన్ అవుతుంది గానీ, షేరు తెరవబోతే మళ్లీ పేరు, పాస్‌వర్డు అడుగుతుంది. కరెక్టుగా కొట్టినా ఒక్కోసారి తీసుకోదు. మూడుసార్లు పాస్‌వర్డు మార్పించాం. మా అల్లుడు పాస్‌వర్డు ఒక ఫైల్లో రాసి పెట్టేస్తే ఇక అడగదు అంటున్నాడు. పెట్టెయ్యమంటారా?

జవాబు: వద్దు. అల్లుడి మాట కాదనడం కష్టమేనని నాకూ తెలుసు. కానీ అలా రాసి పెడితే ఆ కంప్యూటర్ ముందు ఎవరు కూర్చున్నా సర్వరుకి ఒకే మనిషిగా కనిపిస్తారు. రేపు ఎగుమతి ఇన్వాయిస్ ఫోల్డరు ఎవరో చెరిపేస్తే, చెరిపిందెవరో ఎవరూ చెప్పలేరు. పైగా పాస్‌వర్డు గడువు తీరి మార్చిన రోజున మళ్లీ మొదటికొస్తారు.

మీరు చీమకుర్తి వాళ్లు కాబట్టి అసలు సంగతి మీకు చెప్పడం తేలిక. క్వారీలో బ్లాకు ఎక్కించుకున్న లారీ రోడ్డెక్కాలంటే, డ్రైవరు నేను ఫలానా వారి మనిషినని చెప్పుకుంటే సరిపోదు. పర్మిట్ ఉండాలి. అందులో లారీ నంబరు, బరువు, ఎక్కడికి పోతోంది, ఎప్పటిదాకా చెల్లుతుంది అన్నీ ఉంటాయి. దారిలో ఆపినవాళ్లు డ్రైవరు మొహం చూడరు, ఆ కాగితం చూస్తారు. మీ కంప్యూటర్లలో నడిచే కెర్బరోస్ అనే పద్ధతీ అంతే. పొద్దున మీరు కొట్టిన పాస్‌వర్డు నెట్‌వర్కులోకి వెళ్లదు. దాన్నుంచి తయారైన తాళంతో మీ కంప్యూటర్, ఆఫీసులో అందరి ఖాతాలూ చూసే డొమైన్ సర్వరు దగ్గర ఒక పెద్ద చీటీ (ఇంగ్లీషులో టికెట్) తెచ్చుకుంటుంది. షేరు తెరిచినప్పుడు ఆ పెద్ద చీటీ చూపించి, ఆ ఫైల్ సర్వరుకి మాత్రమే పనికొచ్చే చిన్న చీటీ ఇంకొకటి తెచ్చుకుంటుంది. ఫైల్ సర్వరు చూసేది ఆ చిన్న చీటీని. అది లేకపోతేనో, చెల్లకపోతేనో, అప్పుడు పాత పద్ధతికి దిగి మిమ్మల్ని పాస్‌వర్డు అడుగుతుంది. అంటే ఆ పాస్‌వర్డు పెట్టె కనబడిందంటే తప్పు పాస్‌వర్డులో ఉందని కాదు, చీటీ దొరకలేదని. మీరు మూడుసార్లు పాస్‌వర్డు మార్పించడం, పర్మిట్ గడువు అయిపోతే డ్రైవర్ని మార్చినట్టుంది.

అడిగినప్పుడు కరెక్టు పాస్‌వర్డు కొట్టినా ఎందుకు తీసుకోదంటారా? ఆ పాత పద్ధతి పేరు ఎన్‌టీఎల్‌ఎం. మైక్రోసాఫ్టే 2024లో దాన్ని వదిలించుకోవాల్సిన వాటి జాబితాలో పెట్టింది. మీ సర్వరు చూసే వ్యక్తి దాన్ని ఆపేసి ఉండొచ్చు. లేదా విసుగులో మీవాళ్లు తప్పుగా నాలుగైదుసార్లు కొట్టి అకౌంటు లాక్ చేసి ఉండొచ్చు. రెండోదే ఎక్కువ చూస్తుంటాను.

ఇప్పుడు ఆ నాలుగు కంప్యూటర్లలో ఒకదాని ముందు కూర్చుని టెర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) తెరిచి కేలిస్ట్ అని కొట్టండి. ఇంగ్లీషులో కె, ఎల్, ఐ, ఎస్, టి అయిదక్షరాలే. మీ దగ్గరున్న చీటీలన్నీ వరసగా చూపిస్తుంది. ఎప్పుడు మొదలు, ఎప్పటికి ముగింపు, ఎవరికోసం. కేఆర్‌బీటీజీటీ అని మొదలయ్యే వరస ఉంటే అది పెద్ద చీటీ. సిఐఎఫ్‌ఎస్ అని మొదలై పక్కన మీ సర్వరు పేరుంటే అది షేరుకి తెచ్చుకున్న చిన్న చీటీ. అసలు ఏ చీటీ లేకపోతే లాగిన్ దగ్గరే ఏదో జరిగింది. పెద్దది ఉండి చిన్నది లేకపోతే సర్వరు పేరు దగ్గర తిరకాసు. చిన్నదీ ఉండి లోపలికి రానివ్వకపోతే అప్పుడు ఫోల్డరు పర్మిషన్లు చూడాలి. అప్పటిదాకా వాటి జోలికి పోకండి.

మీ నాలుగు కంప్యూటర్ల మీద నాకున్న మొదటి అనుమానం గడియారం. చీటీల మీద టైము ముద్ర ఉంటుందన్నాను కదా. ఎవరో పాత చీటీని దొంగిలించి మళ్లీ చూపించకుండా ఉండాలని, మీ కంప్యూటర్ టైముకీ సర్వరు టైముకీ తేడా అయిదు నిమిషాలు దాటితే కెర్బరోస్ ఒప్పుకోదు. మామూలుగా ఉండే హద్దు అదే, 300 సెకన్లు. ఆరు నిమిషాలు తేడా వస్తే మీ పాస్‌వర్డు ఎంత కరెక్టయినా చీటీ ఇవ్వదు.

ఇది నేను పుస్తకం చదివి నేర్చుకోలేదు. కొన్నేళ్ల కిందట కోవూరు అవతల ఒక రొయ్యల మేత ఆఫీసులో నేర్చుకున్నాను. అక్కడ క్యాషియర్ ఒకావిడ ఉండేది. ఆమె కంప్యూటర్ ఒక్కటే రోజూ పొద్దున షేరు దగ్గర మొరాయించేది. మొదటిరోజు పాస్‌వర్డు మార్చాను. రెండోరోజు ఆ కంప్యూటర్ని డొమైన్ లోంచి తీసి మళ్లీ చేర్చాను. కేబుల్ బాగాలేదేమోనని అది కూడా కొత్తది వేయించాను. చేర్చిన రోజు పనిచేసింది, నేను కాలర్ ఎగరేసుకుని ఇంటికొచ్చాను. మూడోరోజు పొద్దునే ఫోను. వెళ్లి, ఏం చెయ్యాలో తోచక ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆమె డబ్బులు లెక్కపెట్టుకుంటూ తలెత్తకుండానే, "ఈ మిషన్లో టైము ఎప్పుడూ తప్పే సార్. నేను ఫోన్లో చూసుకుంటా. మీరేందో పాస్‌వర్డు పాస్‌వర్డు అంటారు," అంది.

మూత తీసి చూస్తే బోర్డు మీది నాణెం సెల్లు చచ్చిపోయి ఉంది. రాత్రి మెయిన్ ఆపేసి వెళ్తారు, పొద్దున వేసేసరికి గడియారం ఎప్పటిదో తేదీకి పోతుంది. మామూలుగా అయితే నెట్ తగలగానే లినక్స్ టైము సరిచేసుకోవాలి. కానీ ఆ ఆఫీసు ఫైర్‌వాల్ బయటి టైము సర్వర్లకి వెళ్లే 123 పోర్టు అనే తలుపు మూసేసింది. నేనే మూశాను, అదొక సిగ్గు. సెల్లు మార్చి, టైమును డొమైన్ సర్వరు దగ్గరే తీసుకొమ్మని, లినక్స్‌లో టైము సరిచేసే టైమ్‌సింక్‌డీ సెట్టింగులో ఎన్‌టీపీ అన్న వరసలో దాని పేరు రాశాను. ఆ తర్వాత ఆ కంప్యూటర్ నుంచి ఫోను రాలేదు. అప్పటి నుంచి నా సంచీలో నస్యం డబ్బీ ఒకటి ఉంటుంది. దాంట్లో నస్యం ఉండదు, 2032 సెల్లులుంటాయి.

మీరు చెయ్యాల్సింది టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండు కొట్టి చూడటం. దాంట్లో సిస్టమ్ క్లాక్ సింక్రొనైజ్డ్ అన్న చోట యెస్ ఉండాలి. ఇక్కడొక మోసం ఉంది, జాగ్రత్త. తెర మీద కనిపించే టైము మీ గోడ గడియారంతో సరిపోయినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. ఎవరో టైమ్ జోన్ని కోల్‌కతాకి మార్చకుండా యూటీసీ అనే ప్రపంచ టైములోనే వదిలేసి, ముల్లు మాత్రం చేత్తో తిప్పి ఉంటే, చూడటానికి పది గంటలే కనిపిస్తుంది గానీ లోపల లెక్క అయిదున్నర గంటలు తప్పు. కెర్బరోస్ చూసేది లోపలి లెక్కనే. అందుకే యూనివర్సల్ టైమ్ అన్న వరసని సర్వరులో ఉన్నదాంతో పోల్చండి. ఒకే కంప్యూటర్లో విండోస్, లినక్స్ రెండూ ఉన్నా ఇదే అయిదున్నర గంటల తేడా వస్తుంటుంది. బోర్డు గడియారంలో విండోస్ మన టైము రాస్తుంది, లినక్స్ అది యూటీసీ అనుకుంటుంది. తేడా సరిగ్గా అయిదున్నర గంటలని కనబడితే ఇంకెక్కడా వెతక్కండి.

గడియారం బాగానే ఉంటే రెండో అనుమానం మీ షేరు అడ్రసు. ఆ నాలుగింటిలో షేరుకి పెట్టుకున్న బుక్‌మార్కు చూడండి. సర్వరు పేరుతో కాకుండా 192.168తో మొదలయ్యే అంకెలతో ఉందా? చీటీ పేరు మీద ఇస్తారు, అంకెల మీద మామూలుగా ఇవ్వరు. ఆ బుక్‌మార్కు చెరిపి పూర్తి పేరుతో, అంటే సర్వరు పేరు, చుక్క, డొమైన్ పేరు మొత్తంతో కొత్తది పెట్టండి. ఎనిమిది కంప్యూటర్లు ఒకరు, నాలుగు ఇంకొకరు సెటప్ చేశారేమో కనుక్కోండి. నాకైతే అలాగే అనిపిస్తోంది.

ప్రశ్న: నెల్లూరు పొగతోటలో మాకు డయాగ్నస్టిక్ సెంటర్ ఉంది. రిపోర్టులన్నీ షేర్డ్ ఫోల్డర్లో పెడతాం. పొద్దున ఏడింటికి లాగిన్ అయిన కంప్యూటర్లో సాయంత్రం అయిదు దాటాక ఫోల్డరు తెరుచుకోదు. పేషెంట్లు ఎక్కువుండే టైము అదే. రీస్టార్ట్ చేస్తే బాగవుతుంది. ఎందుకిలా?

జవాబు: ఏడుకీ అయిదుకీ మధ్య ఎన్ని గంటలు? పది. మైక్రోసాఫ్ట్ డొమైన్ సర్వర్లో నడిచే యాక్టివ్ డైరెక్టరీలో చీటీకి మామూలుగా పెట్టి ఉండే ఆయుష్షు సరిగ్గా పది గంటలు. మీ కంప్యూటర్ క్రమశిక్షణ గలదే. రీస్టార్ట్ చేసినప్పుడు బాగవడానికి కారణం రీస్టార్ట్ కాదు, మళ్లీ పాస్‌వర్డు కొట్టి లాగిన్ అవడం.

ఇవాళ సాయంత్రానికి పని గడవాలంటే రీస్టార్ట్ కూడా అక్కర్లేదు. స్క్రీన్ లాక్ చేసి, పాస్‌వర్డు కొట్టి తెరవండి. మీ లాగిన్ ఎస్‌ఎస్‌ఎస్‌డీ (లినక్స్‌ని డొమైన్‌కి కలిపే సర్వీసు) ద్వారా నడుస్తుంటే అప్పుడే కొత్త చీటీ వచ్చేస్తుంది. మధ్యాహ్నం భోజనానికి లేచేటప్పుడు ఎవరి కంప్యూటర్ వాళ్లు లాక్ చేసుకునే అలవాటున్న ఆఫీసుల్లో ఈ ఫిర్యాదు రాదు. మీ దగ్గర రిసెప్షన్ కంప్యూటర్ పొద్దుటి నుంచి తెరిచే ఉంటుందని, ముగ్గురు ఒకే లాగిన్‌లో పనిచేస్తారని నా ఊహ. పేషెంట్ల రిపోర్టులున్న చోట అది వేరే టెన్షన్, దాని గురించి ఇంకోసారి తిడతాను.

శాశ్వతంగా కావాలంటే ఎస్‌ఎస్‌ఎస్‌డీ కాన్ఫిగ్ ఫైల్లో మీ డొమైన్ భాగం కింద రెండు వరసలు చేర్చమని మీ సిస్టమ్స్ అబ్బాయికి చెప్పండి. కేఆర్‌బీ5 రెన్యూయబుల్ లైఫ్‌టైమ్ ఏడు రోజులు, కేఆర్‌బీ5 రెన్యూ ఇంటర్వెల్ గంట. ఫైల్లో మాటల మధ్య ఖాళీల బదులు అండర్‌స్కోర్ ఉండాలి. అప్పుడు చీటీ ముగిసేలోపు అదే తాజా చేసుకుంటూ ఉంటుంది. డొమైన్ సర్వరు కూడా మామూలుగా ఏడు రోజుల దాకా ఒప్పుకుంటుంది. ఆ వరసలు రాశాక ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. చేతిలో ఉన్న పాత చీటీ తాజా చేసుకోవడానికి వీల్లేని రకం, దానికి ఈ వరసలు పనిచెయ్యవు. చాలామంది ఈ ఒక్కటీ మర్చిపోయి, సార్ మీరు చెప్పింది పనిచెయ్యలేదని ఫోన్ చేస్తారు.

ప్రశ్న: నేను కావలిలో ఒక కాలేజీలో పనిచేస్తాను. స్టాఫ్‌రూములో డెస్క్‌టాప్ మీద షేరు హాయిగా తెరుచుకుంటుంది. అదే లాగిన్‌తో ల్యాప్‌టాప్‌లో, వైఫై మీద, పాస్‌వర్డు అడుగుతుంది. రెండిట్లో ఫెడోరా లినక్సే. ల్యాప్‌టాప్‌లో వేలిముద్రతో లాగిన్ అవుతాను. అది కారణమా?

జవాబు: మీరే ప్రశ్నలో జవాబు రాసేశారు మేడమ్. చీటీ తెచ్చుకోవడానికి పాస్‌వర్డు నుంచి తయారయ్యే తాళం కావాలి. మీరు వేలు పెట్టారు, పాస్‌వర్డు చెప్పలేదు. ల్యాప్‌టాప్ మిమ్మల్ని గుర్తుపట్టింది గానీ డొమైన్ సర్వరు దగ్గరికి దేంతో వెళ్లాలి? ఆటోమేటిక్ లాగిన్ పెట్టుకున్నవాళ్లకీ, కీ ఫైలుతో ఎస్‌ఎస్‌హెచ్ చేసేవాళ్లకీ (దూరం నుంచి ఇంకో కంప్యూటర్లోకి లాగిన్ అయ్యేవాళ్లకీ) ఇదే కథ.

అయితే వేలిముద్ర మానేసినా మీ బాధ పూర్తిగా తీరకపోవచ్చు. ల్యాప్‌టాప్ తెరిచిన క్షణానికి వైఫై ఇంకా తగిలి ఉండదు. ఎస్‌ఎస్‌ఎస్‌డీ పాత జ్ఞాపకంతో మీ పాస్‌వర్డు సరిచూసి లోపలికి పంపేస్తుంది, చీటీ మాత్రం ఉండదు. దీనికి కేఆర్‌బీ5 స్టోర్ పాస్‌వర్డ్ ఇఫ్ ఆఫ్‌లైన్ అని ఒక సెట్టింగ్ ఉంది, ట్రూ అని పెడితే నెట్‌వర్కు తగిలాక దానంతట అదే చీటీ తెచ్చుకుంటుంది. అదీ వద్దనుకుంటే వైఫై తగిలాక టెర్మినల్లో కేఇనిట్ అని కొట్టి పాస్‌వర్డు ఇవ్వండి. డొమైన్ పేరు కూడా రాయాల్సి వస్తే పెద్దక్షరాల్లోనే రాయండి. చిన్నక్షరాల్లో రాస్తే కేడీసీ రిప్లై డిడ్ నాట్ మ్యాచ్ ఎక్స్‌పెక్టేషన్స్ అని ఏదో పెళ్లి సంబంధం తప్పిపోయినట్టు చెబుతుంది. దానర్థం అంతే, అక్షరాలు చిన్నవి. కేడీసీ అంటే చీటీలిచ్చే డొమైన్ సర్వరే.

కేఇనిట్ కూడా కేడీసీ అందడం లేదు అంటే మీ కాలేజీ వైఫైలో 88 పోర్టు మూసి ఉండొచ్చు. షేరుకి కావాల్సింది 445, చీటీకి కావాల్సింది 88. మొదటిది తెరిచి రెండోది మరిచిపోవడం మామూలే. నెట్‌వర్కు చూసేవాళ్లని అడగండి, పింగ్ వస్తోందిగా అంటారు. పింగ్ రావడానికీ దీనికీ సంబంధం లేదని నా పేరు చెప్పండి.

ప్రశ్న: కందుకూరులో ఆడిటర్ ఆఫీసు. కంప్యూటర్ ఆన్ అవగానే షేరు దానంతట అదే తగులుకోవాలని (మౌంట్ అవ్వాలని) ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో రాశాను. కెర్బరోస్ వాడమనీ రాశాను. మౌంట్ ఎర్రర్ 126, రిక్వైర్డ్ కీ నాట్ అవైలబుల్ అంటుంది. అదే షేరు ఫైల్ మేనేజర్లో తెరిస్తే చక్కగా వస్తుంది.

జవాబు: ఈ ఉత్తరం చూసి సంతోషమేసింది. ఎర్రర్ నంబరుతో సహా రాసినవాళ్లు ఈ నెలలో మీరొక్కరే.

కంప్యూటర్ ఆన్ అయ్యే సమయానికి మీరు లాగిన్ అవలేదు. చీటీ మీ పేరు మీద వస్తుంది, ఆ పని చేస్తున్నది రూట్ అనే అడ్మిన్ ఖాతా. రూట్ దగ్గర చీటీ లేదు. కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ, చీటీ కోసం సిఐఎఫ్‌ఎస్ అప్‌కాల్ అనే చిన్న ప్రోగ్రాంని పిలుస్తుంది. అది వెతికి, దొరకలేదని ఉత్త చేతుల్తో తిరిగొస్తుంది. అదే మీ 126. ఫైల్ మేనేజర్ మీ పేరు మీదే నడుస్తుంది కాబట్టి దానికి ఈ బాధ లేదు. అసలు ఆ అప్‌కాల్‌ని పిలవడానికి కీయుటిల్స్ అనే ప్యాకేజీ కావాలి, అది లేకపోయినా ఇదే ఎర్రర్ వస్తుంది. కాబట్టి ముందు అది ఉందో లేదో చూసుకోండి. రెండు నిమిషాల పని.

ఉంటే మీకు రెండు దారులు. ఆ కంప్యూటర్ మీరొక్కరే వాడతారంటే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ వరసలో నోఆటో పెట్టి, లాగిన్ అయ్యాక పామ్‌మౌంట్ చేత మౌంట్ చేయించండి. సీఆర్‌యూఐడీ అన్న ఆప్షన్లో మీ యూజర్ నంబరు ఇవ్వాలి, ఎవరి చీటీ వెతకాలో అప్‌కాల్‌కి అప్పుడు తెలుస్తుంది. సుడోతో, అంటే రూట్ అధికారంతో, చేత్తో మౌంట్ చేసేటప్పుడు కూడా ఇది అవసరం, లేకపోతే అది రూట్ జేబులో వెతుకుతుంది, చీటీ ఉన్నదేమో మీ జేబులో.

ఆర్టికల్స్ చేసే పిల్లలు కూడా అదే కంప్యూటర్ వాడతారంటే మల్టీయూజర్ అనే ఆప్షన్ మంచిది. డొమైన్లో చేరిన ప్రతి కంప్యూటర్‌కీ దాని పేరు చివర డాలరు గుర్తుతో సొంత ఖాతా ఒకటి ఉంటుంది. దాని తాళం కీట్యాబ్ అనే ఫైల్లో ఉంటుంది. ఆ కంప్యూటర్ ఖాతాతో ఒకసారి మౌంట్ చేసి మల్టీయూజర్ పెడితే, ఆ తర్వాత ఫోల్డరు తెరిచిన ప్రతివాళ్లకీ వాళ్లవాళ్ల చీటీతోనే ప్రవేశం. చీటీ లేనివాళ్లకి ఫోల్డరు కనిపిస్తుంది, తెరుచుకోదు. ఆడిటర్ ఆఫీసులో ఎవరి క్లయింటు ఫైళ్లు వాళ్లే చూడాలి కదా, నేనైతే ఇదే పెడతాను. మార్చి నెలాఖరులో మాత్రం ఈ ప్రయోగం మొదలుపెట్టకండి.

ప్రశ్న: ఒంగోలు నుంచి రాస్తున్నాను. పాత ఫైల్ సర్వరు తీసేసి కొత్తది పెట్టాం. అందరి కంప్యూటర్లలో మార్చే ఓపిక లేక పాత పేరునే డీఎన్‌ఎస్‌లో (ఏ పేరుకి ఏ అడ్రసో చెప్పే పట్టికలో) కొత్త సర్వరుకి మారుపేరుగా పెట్టాం. పింగ్ వస్తోంది. షేరు మాత్రం పాస్‌వర్డు అడుగుతోంది. కేలిస్ట్‌లో పెద్ద టికెట్ ఉంది.

జవాబు: మా నెల్లూరు రొట్టెల పండగకి మీరెప్పుడైనా వచ్చారా? స్వర్ణాల చెరువులో దిగినవాళ్లు ఒకరికొకరు రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె. ఏ కోరికకి ఆ రొట్టె. పెళ్లి కావాల్సినవాడు ఉద్యోగం రొట్టె తీసుకుని పోడు. చిన్న చీటీలూ అలాంటివే, ఏ సర్వరు పేరుకి ఆ చీటీ.

మీ కంప్యూటర్ పాత పేరుకి చీటీ ఇమ్మని అడుగుతోంది. డొమైన్ సర్వరు తన పుస్తకంలో చూస్తే ఆ పేరుతో ఎవరూ లేరు, లేదంటే తీసేసిన పాత సర్వరు ఖాతా ఇంకా అలాగే ఉంది. మొదటిదైతే సర్వర్ నాట్ ఫౌండ్ ఇన్ కెర్బరోస్ డేటాబేస్ అంటుంది. రెండోదైతే ఇంకా ఘోరం, పాత సర్వరు తాళంతో చీటీ కట్టి ఇస్తుంది, కొత్త సర్వరు దాన్ని విప్పలేదు. డీఎన్‌ఎస్‌లో మారుపేరు పెట్టడం అంటే ఇంటికి కొత్త బోర్డు తగిలించడమే, రేషను కార్డులో పేరు ఎక్కించడం వేరే పని. డొమైన్ సర్వరు మీద ముందు పాత సర్వరు ఖాతా తీసేయించి, తర్వాత సెట్‌ఎస్‌పీఎన్ కమాండుతో పాత పేరుని కొత్త సర్వరు ఖాతాకి ఎక్కించమనండి. డ్యాష్ పెద్ద ఎస్ ఆప్షన్ వాడాలి, ఆ పేరు ఇంకెవరి దగ్గరైనా ఉంటే అది చూసి ఆపుతుంది. పొట్టి పేరు, పూర్తి పేరు రెండూ ఎక్కించాలి. ఆ తర్వాత మీ కంప్యూటర్లో కేడిస్ట్రాయ్ కొట్టి, కేఇనిట్ చేసి మళ్లీ చూడండి. పాత చీటీలు చేతిలో పెట్టుకుని చూస్తే బాగయిందో లేదో తెలీదు.

ప్రశ్న: ముత్తుకూరులో మా లాజిస్టిక్స్ ఆఫీసు. డొమైన్ పేరు చివర చుక్క లోకల్ అని ఉంది. విండోస్ కంప్యూటర్లు బాగానే ఉన్నాయి. లినక్స్ వాటికి సర్వరు పేరే దొరకదు.

జవాబు: చుక్క లోకల్ అన్న పేర్లని లినక్స్‌లో అవాహి అనే సర్వీసు తన సొత్తు అనుకుంటుంది. పక్క గదిలో ప్రింటర్లని వెతకడానికి పుట్టిన పద్ధతి అది. మీ డీఎన్‌ఎస్‌ని అడగకుండానే దొరకలేదని చెప్పేస్తుంది. ఎన్‌ఎస్‌స్విచ్ కాన్ఫ్ ఫైల్లో హోస్ట్స్ అన్న వరసలో డీఎన్‌ఎస్ అన్న మాటని, అవాహి పద్ధతి పేరైన ఎండీఎన్‌ఎస్ కన్నా ముందుకు జరపండి. డొమైన్ పేరు పెట్టినాయన దొరికితే నా తరఫున ఒక మాట అనండి.

ప్రశ్న: సింగరాయకొండ నుంచి. ఈ కెర్బరోస్ అంతా విండోస్‌ది. లినక్స్ వాళ్లు కాపీ కొట్టి సగం సగం చేశారు, అందుకే ఇన్ని తిప్పలు అని మా మేనేజర్ అంటారు. నిజమేనా?

జవాబు: తిప్పలు నిజం. కాపీ మాట అబద్ధం. కెర్బరోస్ అమెరికాలో ఎంఐటీలో 1983లో మొదలైన అథీనా ప్రాజెక్టులో, లినక్స్‌కి తాతలాంటి యూనిక్స్ కంప్యూటర్ల కోసం పుట్టింది. ఇప్పుడు వాడే అయిదో వెర్షన్ ప్రమాణం 1993లో వచ్చింది. విండోస్ దాన్ని తెచ్చిపెట్టుకున్నది విండోస్ 2000తో. కెర్బరోస్ అంటే గ్రీకుల యమలోకం వాకిట్లో కాపలా కాసే మూడు తలల కుక్క. మన యముడికీ రెండు కుక్కలున్నాయి, ఒక్కోదానికి నాలుగు కళ్లని రుగ్వేదంలో ఉంది. షేరు ముందు కూర్చుని మూడోసారి పాస్‌వర్డు కొట్టేటప్పుడు ఆ పేరు ఎందుకు పెట్టారో మీ మేనేజర్ గారికి అర్థమయ్యే ఉంటుంది.

వచ్చే నెలకి ఉత్తరాలు రాసేవాళ్లు కేలిస్ట్ చూపించింది, టైమ్‌డేట్‌సీటీఎల్ చూపించింది మొత్తం కాపీ చేసి పంపండి. ఏ కంప్యూటర్లో, పొద్దున్నా సాయంత్రమా, పేరుతో తెరిచారా అంకెలతో తెరిచారా అన్నది కూడా రాయండి. పోయిన నెల ఒకాయన ఇవన్నీ వదిలేసి తన పాస్‌వర్డు మాత్రం పెద్దక్షరాల్లో రాసి పంపారు. ఉత్తరం చింపేశాను. అయ్యా, తమరు ఎవరో తమకి తెలుసు, ఇవాళే మార్చుకోండి. పుట్టిన తేదీ పెట్టకండి ఈసారి.